ఇంటి ముందర విప్పిన పరుపు

లండన్ శివారు హౌన్‌స్లో దగ్గర నేను పనిచేసిన డిపోలో ఇప్పుడు మన తెలుగు పిల్లలు చాలామంది చేరుతున్నారు. మాస్టర్స్ చదువుకుంటూ వారంలో కొన్ని షిఫ్టులు పరుపుల దగ్గర చేస్తున్నారు. డ్యూటీ రోటాలో పేరు పడిన మొదటి రోజే గ్లౌజులు ఇచ్చి, ఒక వీడియో చూపించి, ఇక నొక్కి చూడండి అంటారట. ఎక్కడ నొక్కాలో ఆ వీడియోలోనే ఉంటుంది. అది నేను మళ్లీ చెప్పి మీ టైం పాడుచేయను. అందులో లేనివి చెప్తాను. వాటిలో ఒకటి చెప్పాలంటే నాకు ఇప్పటికీ ముఖం చెల్లదు. ఎక్కువగా దాని గురించే చెప్పాలి.

డిపో అంటే తెలియనివాళ్ల కోసం ఒక మాట. మంచం పట్టినవాళ్లకు కౌన్సిల్ తరఫున ఇంటికే ఆస్పత్రి మంచం, దానిమీదికి ఫోమ్ పరుపు అరువుగా పంపుతారు. మనిషి కోలుకున్నా, కాలం చేసినా పరుపు డిపోకి తిరిగి వస్తుంది. అది ఇంకొకరి ఒంటిని మోయగలదా, పారేయాలా అని తేల్చడం నా పని. కొన్నాళ్లకు ఇళ్లకు వెళ్లి, వాడుతున్న పరుపును అక్కడే చూసి రావడం కూడా నా పనిలో కలిసింది.

దూది, ఫోమ్

మా నాన్న దూదేకేవాడు. భుజాన విల్లు వేసుకుని నంద్యాల చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగేవాడు. పిలిచిన ఇంట్లో పాత పరుపు తీసుకుని, గడ్డకట్టిన దూదిని ఏకి, ఎండబెట్టి, మళ్లీ కుట్టి ఇచ్చేవాడు. నన్ను బడికి పంపలేదు. గోనెసంచి పట్టుకుని ఆయన వెనక నడిచేదాన్ని.

ఆయనకొక పద్ధతి ఉండేది. పాత పరుపును ఆ ఇంటి దగ్గర విప్పేవాడు కాదు. ఎంత బరువున్నా చుట్టచుట్టి, నెత్తిన పెట్టుకుని, ఊరవతల కళ్లం దాకా మోసుకుపోయేవాడు. అక్కడ ఊరివైపు వీపు పెట్టి కూర్చుని కుట్లు కోసేవాడు. ఎండలో అంత దూరం నడవాలంటే నాకు ఏడుపొచ్చేది.

"వాళ్ల అరుగు మీదనే ఇప్పితే ఏంపోతాది నాయినా? తాగను నీళ్లన్నా ఇస్తారు గదా," అన్నాను ఒకసారి.

"పాత పరుపు ఇంటి ముందర ఇప్పగూడదు పాపా. లోపల ఏముందో పండుకున్నోళ్లకు తెలుసు. వాకిట్లో నిలబడినోళ్లకు ఎందుకు?"

కుట్టిన పరుపు తిరిగి ఇచ్చేటప్పుడు ఆ ఇంటావిడ అడిగేది, దూది ఎట్లుంది అని. "నలిగింది తల్లీ. కొంచెం కొత్తది కలిపినా," అనేవాడు. పసిపిల్లలు తడిపిన పరుపుకీ అదే మాట, రోగంతో తీసుకుని పోయిన మనిషి పరుపుకీ అదే మాట.

పెళ్లయి హౌన్‌స్లోకి వచ్చాక, మా ఆయన రెస్టారెంట్ కిచెన్‌లో వంటకు కుదిరాడు, నేను ఈ డిపోలో నేల తుడవడానికి కుదిరాను. పరుపుల సెక్షన్ సూపర్‌వైజర్ మౌరీన్ అని బెల్‌ఫాస్ట్ మనిషి. ఒక ఉదయం వచ్చి నా చేతిలోంచి మాప్ తీసేసుకుని గ్లౌజులు పెట్టింది. నాలో ఏదో కనిపెట్టిందని అనుకోకండి. ఆ వారం తన సెక్షన్‌లో ఇద్దరు మానేశారు.

మా నాన్న దగ్గర చూసిందంతా పనికొస్తుందనుకున్నాను. దూదికి అలవాటుపడిన చేతులు ఫోమ్ దగ్గర మోసపోతాయి. దూది నలిగితే ఏకవచ్చు, ఎండబెడితే పొంగుతుంది. ఫోమ్ అలాకాదు. లోపలంతా సన్నసన్న బుడగల్లాంటి గదులు ఉంటాయి. రోజూ ఒకేచోట బరువు పడి వాటి గోడలు కూలిపోతే, ఎండబెట్టినా, తిరగేసినా, దులిపినా లేవవు. ఈ ఒక్క సంగతి నా బుర్రకెక్కడానికి చాలా కాలం పట్టింది. కుంగిన పరుపుల్ని షెడ్డు వెనక ఎండలో ఆరేసి, పొంగుతాయని కాచుకు కూర్చున్నదాన్ని నేను.

మౌరీన్ దగ్గర తిన్న చీవాట్లు

మొదట్లో గట్టిగా ఉన్న ప్రతి పరుపునూ పాస్ చేసేశాను. చేతికి ఎదురు తిరిగితే మంచిదని నా లెక్క. మౌరీన్ నడుం మీద చేతులు పెట్టుకుని వచ్చింది.

"గట్టిగా ఉంటే మన్నుతుందని ఎవరు చెప్పారు నీకు? ఎండిపోయిన బ్రెడ్ కూడా గట్టిగానే ఉంటుంది, తింటావా?"

మెత్తన, గట్టి అనేది పడుకునేవాళ్లకు ఎలా ఉంటుందో చెప్తుంది. ఎన్నాళ్లు మన్నుతుందో చెప్పదు. మన్నిక తెలియాలంటే ఒకే సైజు ముక్కలు రెండు చేతుల్లోకి తీసుకుని బరువు చూడాలి. లోపల సరుకు ఎక్కువున్నది బరువుంటుంది, అది ఎక్కువకాలం నిలబడుతుంది. ఇందులోనూ మోసం ఉంది. బరువు కోసం పొడి కలిపి పోసిన ఫోమ్ వస్తుంది. అంచును బొటనవేలితో రుద్దితే రవ్వలా రాలుతుంది. బరువు చూశాక రుద్దడం మర్చిపోకండి.

ఇంకోసారి పసుపెక్కిన పరుపులన్నీ పారేయమని పక్కన పెట్టాను. అవి చూడ్డానికి అసహ్యంగా ఉన్నాయి, అంతే. మౌరీన్ వాటిలోంచి ఒకటి లాగి, దానిమీద ఎక్కి నిలబడి, దిగి చూపించింది. కాళ్ల గుర్తులు కూడా పడలేదు. గాలి, వెలుతురు తగిలితే తెల్ల ఫోమ్ పసుపు రంగుకి తిరుగుతుంది. రంగును బట్టి బలం తేల్చకూడదు.

అన్నిటికన్నా పెద్ద పొరపాటు చలికాలంలో చేశాను. ఒంటివేడికి మెత్తబడి మనిషి ఆకారం తీసుకునే ఫోమ్ ఒకటుంది. డిపో షట్టర్ పక్కన పెట్టినవన్నీ చలికి చెక్కల్లా ఉన్నాయి. కొత్తవాటిలా ఉన్నాయని మురిసిపోయి ఆకుపచ్చ స్టిక్కర్లు అంటించి పంపేశాను. ఇళ్లలో హీటింగ్ తగిలేసరికి వాటి అసలు రూపం బయటపడింది. ఒక్కొక్కటే గుంటలతో వెనక్కి వచ్చాయి. ఆ రోజు మౌరీన్ అరవలేదు. నన్ను తీసుకెళ్లి షట్టర్ దగ్గర నిలబెట్టి, కాసేపయ్యాక, "వేళ్లు ముడుచు చూద్దాం," అంది. ముడుచుకోలేదు.

"చలికి బిగుసుకుపోయినదాన్ని బలమైనదంటావా ఇప్పుడు?"

అందుకే చెప్తున్నా, బయట నుంచి వచ్చిన పరుపును వెచ్చటి గదిలో ఒక పూట పడుకోబెట్టాకే చేయి వేయండి.

పిడికిలి పరీక్ష మీకు వీడియోలో చూపిస్తారు. రెండు చేతులూ కలిపి పిడికిలి చేసి, మోచేతులు వంచకుండా ఒంటి బరువంతా దానిమీద ఆనించడం. పిడికిలికి కింద మంచం పలక తగిలితే ఆ ఫోమ్ పని అయిపోయినట్టే. అది తల దగ్గరా కాళ్ల దగ్గరా తగలదు, నడుం దగ్గరే తగులుతుంది. ఆ తర్వాత పైతొడుగు జిప్పు తీసి లోపలివైపు చూడాలి. అక్కడ మరక ఉందంటే తొడుగు దాటి తడి ఫోమ్‌లోకి దిగిందని అర్థం.

ఇంటికెళ్లి చూసేటప్పుడు ఈ రెండూ ఇంటివాళ్లను నిలబెట్టి వాళ్ల కళ్లముందే చేయాలని డిపో రూలు. రేపు మేం చూడలేదని ఎవరూ అనకుండా.

నాకు చదువు రాదని మౌరీన్‌కు తెలుసు. డిపోలో రంగు స్టిక్కర్లతో నెట్టుకొచ్చాను. ఇళ్లలో పరుపు లేబుల్ మీద తయారైన తేదీ చూడాల్సి వస్తే, "కళ్లద్దాలు మర్చిపోయాను, కొంచెం చదివి పెడతారా," అనేదాన్ని. ఇంగ్లిష్ పెద్దగా రాని రోజుల్లో కూడా ఆ ఒక్క వాక్యం మాత్రం తడబడకుండా చెప్పేదాన్ని.

స్టాన్‌మోర్ ఇల్లు

స్టాన్‌మోర్‌లో ఒక పెద్దావిడ పరుపు చూసి రమ్మని, ఇళ్లకు వెళ్లి రోగుల్ని చూసే డిస్ట్రిక్ట్ నర్స్ దగ్గర నుంచి కబురొచ్చింది. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన మనిషి. తుంటి మీద చర్మం ఎర్రబడుతోంది, పరుపు సరిగ్గా ఉన్నట్టు లేదు అని నర్స్ అనుమానం. తలుపు తట్టాక తెలిసింది తెలుగువాళ్లని. అన్నాళ్ల ఉద్యోగంలో నేను చూడబోతున్న మొదటి తెలుగు పరుపు అది.

"అయ్యో, మన తెలుగువాళ్లేనా! రండి ఆంటీ, రండి," అంది కోడలు లావణ్య. ఆ అమ్మాయి ఇంట్లోంచే ఆఫీసు పని చేసుకుంటోంది, చెవిలో ఇయర్‌ఫోన్ అలాగే ఉంది.

పెద్దావిడ సుశీలమ్మగారు మంచం పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నారు. నూలు చీర, మడత నలగలేదు. పేరేంటి, ఏ ఊరని అడిగారు. మస్తానమ్మనని, నంద్యాల దగ్గరని చెప్పాను. తను బాపట్లలో తెలుగు టీచర్‌గా చేసి రిటైరయ్యానని చెప్పారు.

"అబ్బో, టీచరుగారా! అయితే జాగ్రత్తగా మాట్లాడాలండీ నేను," అన్నాను. జాగ్రత్తగా మాట్లాడింది లేదు. ఇంగ్లిష్ ఇళ్లలో నాకు వచ్చిన నాలుగు మాటలతో పని ముగించి బయటపడేదాన్ని. ఇక్కడ నోరు తెరిస్తే మాట దానంతటదే వస్తోంది. నాకు తెలిసిందంతా చెప్పుకోవాలనిపించింది. తిరనాళ్లలో గారడీ చేసేవాడిలా పరుపు చుట్టూ తిరిగాను.

"ఇదిగో లావణ్యా, తల దగ్గర నొక్కు. బాగుంది కదా? ఇప్పుడు ఇక్కడ, నడుం దగ్గర నొక్కు. తగిలిందా పలక?"

"తగిలింది ఆంటీ! అమ్మో, ఇన్నాళ్లూ దీనిమీదేనా..."

పక్క గదిలోంచి మనవరాలు రియా కూడా వచ్చింది. సెకండరీ స్కూల్ పిల్ల. అది కూడా పిడికిలి వేసి నొక్కింది.

"కళ్లద్దాలు మర్చిపోయానమ్మా, ఈ లేబుల్ మీద తేదీ చదివి పెట్టు," అన్నాను లావణ్యతో. చదివింది. సుశీలమ్మగారు నావైపు ఒకసారి చూసి చూపు తిప్పుకున్నారు. అప్పుడు దాన్ని నేను పట్టించుకోలేదు.

జిప్పు మీద చేయి వేశాను.

"అది వద్దులేమ్మా," అన్నారావిడ మెల్లగా. "నిన్ననే దుప్పట్లు మార్చారు."

"భలేవారే టీచరుగారూ! జిప్పు తీయకుండా పరుపు చూడ్డమంటే పుస్తకం తెరవకుండా పాఠం చెప్పడమే," అని నవ్వి, జిప్పు మొత్తం లాగేశాను.

లోపల మరక ఉంది. ఫోమ్ సగం దాకా ఎండిన చారలు, వాటిమీద కొత్త తడి. వాసన గది నిండా వచ్చింది.

"తడి లోపలికి దిగిపోయింది. ఇది నిన్నటీ మొన్నటీ సంగతి కాదండోయ్, చాలా రోజులుగా దిగుతోంది," అన్నాను. చేత్తో చూపిస్తూ మరీ అన్నాను.

రియా ముక్కు మూసుకుంది. "యక్! మమ్, ఈజ్ దట్ పీ?"

"రియా!" అని కసిరి, లావణ్య అత్తగారి వైపు తిరిగింది. "అత్తయ్యా, మాకు చెప్పొచ్చు కదా? ప్యాడ్లు తెప్పించేవాళ్లం కదా? మేమేమైనా అంటామా?"

ఆ అమ్మాయి మాటలో కోపం లేదు, జాలి ఉంది. సుశీలమ్మగారు కుచ్చిళ్లు సరిచేసుకున్నారు. ఎవరివైపూ చూడలేదు.

"ఆవిడకి కాఫీ ఇచ్చావా లావణ్యా?" అన్నారు.

నేను ఆ కాఫీ తాగాను. బాగుందని కూడా చెప్పి వచ్చాను.

కుర్చీ

మర్నాడు కొత్త పరుపు తీసుకెళ్లిన డ్రైవర్ దాన్ని అలాగే వెనక్కి తెచ్చాడు. పెద్దావిడ ఒప్పుకోలేదట. నాకు మంచమే వద్దు అందట. ముందు గదిలో రిక్లైనర్ కుర్చీలోనే రాత్రీ పగలూ కూర్చుంటోందట. పాత పరుపు దగ్గరికి ఎవర్నీ రానివ్వడం లేదు, నర్స్‌ను కూడా తుంటి చూడనివ్వడం లేదు.

కొన్నాళ్లకు లావణ్య డిపోకి ఫోన్ చేసి నన్ను అడిగింది.

"ఆంటీ, అలా ఒకే చోట కూర్చుంటే ఆ ఎర్రబడ్డచోట చర్మం పగులుతుందని నర్స్ అంటోంది. పుండు పడి ముదిరితే ఇంట్లో చూసుకోవడం మావల్ల కాదు, నర్సింగ్ హోమ్‌కి పంపాల్సిందే అంటోంది. అత్తయ్యకి అదంటేనే భయం. అయినా వినడం లేదు. మీరొచ్చి చెప్పండి, తెలుగులో చెప్తే వింటారేమో."

తెలుగులో చెప్పినందుకే ఇలా అయిందని ఆ అమ్మాయికి ఎలా చెప్పను?

వెళ్లాను. రిక్లైనర్ పక్కన స్టూల్ వేసుకుని కూర్చున్నాను.

"టీచరుగారూ, ఇందులో సిగ్గుపడాల్సిందేం లేదండి. మేం ఎన్ని ఇళ్లలో చూస్తాం ఇలాంటివి."

"అలాగా. ఆ ఇళ్లవాళ్ల సంగతులు కూడా ఇలాగే పిలిచి చూపిస్తావా అందరికీ?"

నేను స్టూల్ కొంచెం వెనక్కి జరుపుకున్నాను.

"సిగ్గుపడొద్దని చెప్పడానికేం. ఆ పిల్ల స్కూల్ నుంచి రాగానే నా మంచం మీద కూర్చుని లెక్కలు చేసుకునేది. కాళ్లు నా దుప్పట్లో పెట్టుకునేది. ఇప్పుడు గుమ్మం దాకా వచ్చి, అక్కణ్నుంచే హాయ్ నానమ్మా అని వెళ్లిపోతోంది. నువ్వు పరుపు మారుస్తావు. దాన్ని మళ్లీ కూర్చోబెడతావా?"

డిపోకి తిరిగొచ్చి మౌరీన్‌తో చెప్పాను, రూలు ప్రకారమే చేశానని.

"రూలు ప్రకారమే చేశావు. మరి ముఖం అలా పెట్టుకున్నావేం?" అంది.

ఆ రోజంతా ఆలోచించాను. ఇంగ్లిష్ ఇళ్లలో ఇలాంటి మరక కనపడితే, "కవర్ ఫెయిల్ అయింది," అనేదాన్ని. మౌరీన్ నేర్పిన మాట. తప్పు కవర్ మీదికి పోయేది, అందరూ తలాడించేవాళ్లు. తెలుగింట్లో మాత్రం పరుపును వదిలేసి ఆ మనిషి గురించి మాట్లాడాను. మా నాన్న ఒక పరుపు గుట్టు బయట పడకూడదని ఎండలో కళ్లం దాకా మోసుకెళ్లేవాడు. ఆయన వెనకే నడిచినదాన్ని, ఆ నడకకు ఏడ్చినదాన్ని, ఎందుకు నడిచామో మర్చిపోయాను. మర్చిపోయాననడం కూడా పూర్తి నిజం కాదు. ఆవిడ వద్దన్నప్పుడు నాకు వినపడింది. నా తెలివి చూపించుకునే అవకాశం పోతుందని ఆగలేదు.

వ్యాన్‌లో

పరుపును ఇంట్లో కాకుండా వ్యాన్‌లో తలుపులు వేసుకుని చూస్తానని మౌరీన్‌ను అడిగాను. ఎవరైనా కంప్లైంట్ చేస్తే తన మెడకు చుట్టుకుంటుందని గొణిగింది. చివరికి, "వెళ్లు. నేను విననట్టే," అంది.

లావణ్య ఆఫీసుకు వెళ్లే రోజు, రియా స్కూల్లో ఉన్న టైం చూసి వెళ్లాను. డ్రైవర్‌ను గేటు దగ్గరే ఆగమన్నాను. సుశీలమ్మగారు రిక్లైనర్‌లో ఒక పక్కకు ఒరిగి కూర్చున్నారు. రెండో పక్క ఆనించలేకపోతున్నారని చూస్తేనే తెలుస్తోంది.

"మళ్లీ వచ్చావా?"

"మా నాన్న దూదేకేవాడండి," అన్నాను. అంతకన్నా మొదలుపెట్టడం చేతకాలేదు. కళ్లం సంగతి చెప్పాను. ఆయన ఇంటివాళ్లకు చెప్పే మాట చెప్పాను. ఆవిడ కళ్లు మూసుకుని విన్నారు.

"ఇంత తెలిసినదానివి. మరి ఆ రోజేమైంది?"

"తెలుగు ఇల్లని సంబరపడ్డానండి. గొప్ప చూపించుకోవాలనిపించింది."

ఆవిడ కళ్లు తెరిచి నావైపు చూశారు. తర్వాత అడిగారు, "మీ నాన్న పేరేంటి?"

"ఖాసీం అండి."

"బీరువాలో పైన పూల దుప్పటి ఉంది, ఉతికింది. అది కప్పి పట్టుకెళ్లు. పక్కింటావిడ ఎప్పుడూ కిటికీ దగ్గరే ఉంటుంది."

పూల దుప్పటి చుట్టూ కప్పి, అంచులు లోపలికి దోపి, నేనూ డ్రైవరూ మోసుకెళ్లాం. వ్యాన్ తలుపులు లోపలినుంచి వేసుకున్నాను. డ్రైవర్‌ను బయటే ఉండమన్నాను. జిప్పు తీసి చూశాను. అంతా ముందే తెలిసినా మొత్తం చూశాను, ఆ పని సగం చేయకూడదు. నడుం దగ్గర ఫోమ్ పూర్తిగా చచ్చిపోయింది. మళ్లీ జిప్పు వేసి, కొత్త పరుపును అదే పూల దుప్పటిలో చుట్టి లోపలికి తెచ్చి మంచం మీద వేశాం.

"ఎట్లా ఉంది?" అని అడిగారు సుశీలమ్మగారు, గోడవైపు చూస్తూ.

"నలిగిందండి. మార్చాను."

వాకర్ పట్టుకుని లేచి, నా చేయి పట్టుకుని, పక్క మీదికి ఒరిగారు. అలా పడుకున్నాక ఆవిడ నోట్లోంచి వచ్చిన నిట్టూర్పు నాకు ఇంకా వినిపిస్తుంది.

ప్యాడ్ల సంగతి నర్స్‌తో విడిగా మాట్లాడాను. బీరువా కింది అరలో, ఆవిడ చేతికందే చోట పెట్టించాం. ఇంట్లో ఎవరూ వాటి గురించి మాట్లాడనక్కర్లేదని లావణ్యకు చెప్తే, తెలివైన పిల్ల, ఇంకేం అడగలేదు.

మర్నాడు నర్స్‌ను తుంటి చూడనిచ్చారు. అప్పటికే ఒకచోట చర్మం పగిలింది. చిన్నదే. అది మానడానికి చలికాలమంతా పట్టింది. ఆవిడ నర్సింగ్ హోమ్‌కి వెళ్లాల్సిన అవసరం రాలేదు, ఇంట్లోనే ఉన్నారు. ఇది చెప్తే అందరూ, పోనీలే, మంచే జరిగింది కదా అంటారు. నేను ఆ రోజు నోరు అదుపులో పెట్టుకుని ఉంటే మర్నాడే కొత్త పరుపు మీద పడుకునేవారు. కుర్చీలో గడిపిన ఆ రోజులు, ఆ పుండు, ఆ నొప్పి నావల్ల వచ్చాయి. నాకు ఆ మాట ఎవరూ అనలేదు. అనకపోవడం వల్ల అది తేలికేమీ కాలేదు.

మీరు నేర్చుకోవాల్సింది ఇందులో ఏదైనా ఉంటే ఇదే. ఫోమ్ సంగతి మీకు చేతులు నేర్పుతాయి, ఆలస్యమైనా నేర్పుతాయి. జిప్పు మీద చేయి వేసే ముందు గదిలో ఎవరెవరు ఉన్నారో చూడండి. పడుకునే మనిషి వద్దంటే, ఆ వద్దు ఎందుకో అడక్కండి, అందర్నీ బయటికి పంపండి. రూలు అడ్డమొస్తే మీ మౌరీన్‌తో పోట్లాడండి. ఏం చూశారో పరుపు మీద పెట్టి చెప్పండి, మనిషి మీద పెట్టకండి. మన భాష మాట్లాడే ఇంట్లో మరీ జాగ్రత్త. అక్కడ మాట సూటిగా వెళ్లి తగులుతుంది.

పలక

పుండు మానేదాకా పరుపు చూడ్డానికి వెళ్తూ ఉన్నాను. నన్నే పంపమని సుశీలమ్మగారు నర్స్‌తో చెప్పారట. ఎందుకో నాకు అర్థం కాలేదు, అడగడానికి ధైర్యమూ లేదు.

ఒకరోజు సాయంత్రం పరుపు చూడ్డం అయ్యాక, లావణ్య నర్స్ వదిలి వెళ్లిన కాగితం ఒకటి నా చేతికిచ్చింది. పరుపు గురించేదో రాశారు, చూడండి ఆంటీ అని.

"కళ్లద్దాలు మర్చిపోయానమ్మా," అన్నాను అలవాటుగా.

"లావణ్యా, ఆవిడకి కాఫీ పెట్టమ్మా," అన్నారు సుశీలమ్మగారు. లావణ్య కాగితం అక్కడే పెట్టి వంటింట్లోకి వెళ్లింది. ఆవిడ నన్ను లేచి తలుపు దగ్గరగా వేయమన్నారు. వేశాను.

"ఆ కింది సొరుగులో పలక ఉంది. రియా కోసం బాపట్ల నుంచి తెచ్చాను. అది ముట్టుకోనే లేదు. బయటికి తియ్యి."

తీశాను. కవర్‌లో బలపాలు కూడా అలాగే ఉన్నాయి.

"ఎందుకండీ?"

"నీ కళ్లు బాగానే ఉన్నాయి కదా మస్తానమ్మా."

పలక పట్టుకుని అలాగే నిలబడ్డాను. "ఎప్పుడు తెలిసిందండీ?"

"మొదటి రోజే. లేబుల్ చదివి పెట్టమన్నావు చూడు, అప్పుడే. బళ్లో పిల్లల ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టమంటే సగం ఊరు కళ్లద్దాలు మర్చిపోయి వచ్చేది. నాకు తెలియదా?"

మొదటి రోజే. అంటే నేను జిప్పు లాగకముందే ఆవిడకు తెలుసు. గదిలో కోడలుంది, మనవరాలుంది. నేను పరుపు మీద చేయి పెట్టి చూపిస్తూ, నిన్నటీ మొన్నటీ సంగతి కాదండోయ్ అంటున్నప్పుడు, నీకు చదువు రాదు కదా అని ఒక్క మాట అంటే చాలు, నేను అక్కడికక్కడే కుప్పకూలేదాన్ని. నన్ను ఆపడానికి కూడా ఆ మాట వాడుకోలేదు. ఆవిడకి కాఫీ ఇచ్చావా అని అడిగారు.

"కూర్చో. ఇటు నా పక్కన, మంచం మీద," అన్నారు.

కూర్చున్నాను. ఆవిడ పలక పైన 'అ' రాసి, బలపం నా వేళ్ల మధ్య పెట్టారు. ఇంతలో తలుపు తోసుకుని రియా వచ్చింది, స్కూల్ బ్యాగ్ ఇంకా భుజానే ఉంది. ఎప్పటిలాగే గుమ్మం దగ్గర ఆగింది. నేను పలక చీర కొంగు కింద దాచబోయాను.

"వాట్స్ దట్, నానమ్మా?"

"నీ పలకే. ఆంటీ నీకోసం తీసి పెట్టారు. నువ్వు ఎన్నాళ్లని ఇంగ్లిష్‌లో జవాబిస్తావు? నీకు ఎలా నేర్పాలో ఆవిడకు చూపిస్తున్నాను. రా, నువ్వూ కూర్చో."

"ఇప్పుడా? ఐ హావ్ మ్యాథ్స్."

"మ్యాథ్స్ ఇక్కడే చేసుకో. మధ్యలో అక్షరాలు చూద్దువుగాని."

ఆ పిల్ల నన్ను చూసింది, వాళ్ల నానమ్మను చూసింది, పరుపును చూసింది. బ్యాగ్ కింద పడేసి వచ్చి మంచం చివర కూర్చుంది. కాసేపటికి కాళ్లు పైకి లాక్కుని దుప్పట్లో పెట్టుకుంది. మా ముగ్గురి బరువుకి ఫోమ్ కొద్దిగా కుంగి, అక్కడ ఆగింది.

సుశీలమ్మగారు నావైపు చూడకుండా పలకను నా ఒళ్లోకి జరిపారు. నేను తల దించుకుని 'అ' మీద దిద్దడం మొదలుపెట్టాను.